చుక్క వేగం తెలిసిన వకుళ

మేజర్ వకుళాదేవి ఇక లేరన్న దుర్వార్త నా కూతురు స్రవంతి నోట విన్నాను. సైనిక ఆసుపత్రిలో ఒకేసారి నర్సింగ్ ఆఫీసర్లుగా చేరి, విశ్రాంత జీవితంలో ఉత్తరాదిన ఇందిరాపురంలో ఇరుగుపొరుగులుగా స్థిరపడిన స్నేహితురాళ్ళం మేము. అయినా ఆమె భర్త మొదట ఫోను చేసింది నాకు కాదు, స్రవంతికి. ఆ క్షణంలోనూ నన్ను ముల్లులా గుచ్చింది ఆ సంగతే. శోకం కన్నా ముందు అసూయ వచ్చింది. వకుళ విషయంలో అది ఎప్పుడూ ముందే వచ్చేది.

మా వృత్తిలో ప్రాణసమానమైన విద్య ఒకటుంది. వైద్యుడు సెలైను గంటకు ఇన్ని మిల్లీలీటర్లని రాస్తాడు. నర్సు దాన్ని నిమిషానికి ఇన్ని చుక్కలుగా మార్చుకుని గొట్టం బిగించాలి. ఒకసారి గుండె బలహీనమైన సుబేదారును మేమిద్దరం అంబులెన్సులో తరలిస్తుండగా సెలైను పంపు ఆగిపోయింది. వేగం హెచ్చితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. డాక్టరు కంగారుగా అడిగాడు:

"గంటకు అరవై. చుక్కల్లో ఎంత సిస్టర్?"

"ఈ గొట్టానికి ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. గంటకు అరవై అంటే నిమిషానికి ఒకటి. ఇరవై చుక్కలు సార్," అంది వకుళ, అప్పటికే గడియారం చూస్తూ గొట్టం బిగిస్తూ.

అదే జవాబు నా నాలుక చివర ఉంది. సుబేదారు బతికాడు. ఏటా కొత్త సంవత్సరానికి ఫోను చేసేవాడు, ఆమెకే. ఆ రోజు అంబులెన్సులో పక్కనే కూర్చున్న నన్ను కూడా అడిగానని చెప్పమనేవాడు.

అంతకన్నా నొప్పించింది నా బిడ్డ. నర్సింగ్ చదువుతున్న స్రవంతికి ఈ లెక్కలు కొరుకుడుపడలేదు. నేను సూత్రం రాసి ఇచ్చాను, బట్టీ పట్టించాను. చివరకు ఎదురింటి వకుళ వంటగదిలో, సన్నగా కారే నీటి ఫిల్టరు కింద గ్లాసు పెట్టి, ఒక్క సాయంత్రంలో నేర్చుకుని వచ్చింది.

"మమ్మీ, ఆప్ ఫార్ములా బతాతీ హో. ఆంటీ దిఖాతీ హైఁ," అంది.

నేను చెబుతానట, ఆమె చూపిస్తుందట! ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నా కోపం పసిగట్టిన వకుళ మర్నాడు నవ్వింది. "ఒసే కమలా, గంటను నిమిషాల్లోకి మార్చడం ఎవరైనా నేర్పుతారు. ఆ చుక్క పడేది ఒక మనిషి ఒంట్లోకి అని నీ కూతురికి నువ్వు ముందే నేర్పావు. నాకు మిగిలింది భాగహారమే." ఆ మాట అందరికీ చెప్పి మురిసిపోవలసింది. పైకి చెబితే ఆమె ఔదార్యమే మరింత వెలుగుతుందని దాచుకున్నాను.

చివరిసారి ఆసుపత్రిలో చూశాను. ఆమె కళ్ళు మసకబారాయి, చేతికి సెలైను ఉంది. "ఎంత పోతోందో చూడవే," అంది. గడియారం పట్టుకుని చుక్కలు లెక్కపెట్టాను. "నిమిషానికి ఇరవై అయిదు. గంటకు డెబ్బై అయిదు. డాక్టరు రాసిందీ అంతే," అన్నాను. సరిచూస్తుందేమోనని ఎదురుచూశాను.

"నువ్వు చెప్పాక నేను మళ్ళీ లెక్క వెయ్యనే. ఏ రోజూ వెయ్యలేదు," అని కళ్ళు మూసుకుంది. నేను మాత్రం జీవితమంతా ఆమె లెక్కను రహస్యంగా మళ్ళీ వేసి చూసేదాన్ని, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని.

సంతాప సభలో ఆమె శిష్యురాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు. అందరికన్నా గట్టిగా నా కూతురే. నాకోసం ఇలా ఎవరు ఏడుస్తారన్న ఆలోచన రాలేదని బుకాయించను. ఆమె ఆత్మకు అంజలి ఘటిస్తున్నాను, ఇంకా ఈర్ష్యపడుతూనే. మా ఇద్దరిలో అవతలివారి గురించి అసూయ లేకుండా నాలుగు మంచి మాటలు రాయగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆ మనిషే ముందు వెళ్ళిపోయింది.