ముందేటి, తర్వాతేటి

మా ఇంగ్లీషు సారు పోయారన్న వార్త మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. "సార్ హాడ్ డైడ్ దిస్ మార్నింగ్" అని ఎవరో పెట్టారు. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు ఒళ్లు మండింది. అక్కడ 'హాడ్' ఎందుకు? ఆ ఒక్క మాట కోసమే కదా ఆయన ఆరు వారాలు మా ప్రాణాలు తోడేసింది! కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఒక్కరూ దిద్దలేదు. నేనూ దిద్దలేదు. ఫోన్ బ్యాగులో పడేసి సీతమ్మధారలో సారింటికి బయల్దేరాను.

సారు పోర్టు ఆఫీసులో టైపిస్టుగా రిటైరయ్యారు. ఇంగ్లీషులో డిగ్రీ ఏమీ లేదు. ఓడ ఎప్పుడొచ్చింది, సరుకు ఎప్పుడు దిగింది, తడిసింది దిగకముందా దిగాకా అని ఉత్తరాలు కొట్టీ కొట్టీ నేర్చుకున్న ఇంగ్లీషు ఆయనది. తెలుగు మీడియంలో చదివి యూనివర్సిటీకి వెళ్లబోయేవాళ్లకి సాయంత్రాలు ఇంటి వరండాలో గ్రామర్ చెప్పేవారు. నేను వన్‌టౌన్ దర్జీ కూతుర్ని. పరవాడలో మందుల కంపెనీలో పొద్దుటి షిఫ్టు చేసుకుంటూ, వేరే రాష్ట్రంలో ఎమ్మెస్సీ చేద్దామనుకున్నాను. దానికి ఇంగ్లీషులో రాత పరీక్ష, కంపెనీ నుంచి అనుభవం సర్టిఫికెట్ కావాలి. ఆయన దగ్గర చేరడానికి గొప్ప కారణమేమీ లేదు. నేను బస్సు మారే స్టాపుకి ఆ ఇల్లు దగ్గర.

చేరిన రోజు నుంచీ విసుగే. కాగితాలు ఎగిరిపోతాయని మే నెలలో కూడా ఫ్యాన్ వెయ్యనిచ్చేవారు కాదు. పెన్ను వాడితే ఊరుకునేవారు కాదు, పెన్సిలే. ఓ రోజు ఒళ్లు కాలిపోతుంటే గుమ్మంలో నిలబడి "సార్, అయామ్ హేవింగ్ ఫీవర్" అన్నాను. మాత్ర చేతిలో పట్టుకుని కూడా ఇవ్వలేదు. "సరిగ్గా సెప్పు" అన్నారు. గోడ పట్టుకుని, "ఐ హేవ్ ఎ ఫీవర్" అన్నాక గాని మాత్ర నా చేతిలో పడలేదు. ఆ రాత్రి మా అమ్మీ ఆయన్ని ఉర్దూలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

పరీక్ష ఇరవై రోజుల్లోకి వచ్చేసింది. మేమింకా 'హాడ్' దగ్గరే ఉన్నాం. గతంలో రెండు పనులు జరిగితే, ముందు జరిగినదానికి 'హాడ్' పెట్టాలి. ఇంతే విషయం. దీనికి నాలుగొందల వాక్యాలు రాయించారు. నాతో చేరినవాళ్లు ఏసీ కోచింగులకి మారిపోయి, తయారుగా ఇచ్చే ఎస్సేలు బట్టీ కొడుతున్నారు. ఇక ఆగలేక అడిగేశాను.

"సార్, ఎస్సేలు ఎప్పుడు చెప్తారు?"

"ఏటమ్మా తొందర? ముందేటయ్యింది, తర్వాతేటయ్యింది, అది తేల్చుకో. ఎస్సే దానంతటదే వత్తాది."

"పరీక్ష కూడా దానంతటదే వచ్చేస్తోంది సార్!"

"రానీ. దానికి నాను అడ్డమెట్టేనా ఏటి?"

ఆ కోపంలో రెండు రోజులు క్లాసుకి వెళ్లలేదు. ఆ రెండో రోజే కంపెనీలో గొడవైంది. నేను ఆరింటికి డ్యూటీ ఎక్కేసరికి ఓ ట్యాంకు వాల్వ్ తెరిచి ఉంది. అందులోని సాల్వెంటు, మందుల తయారీలో వాడే ద్రావకం, సగానికి పైగా కాలువ పాలైపోయింది. చూసిన వెంటనే నేనే కట్టేసి, సూపర్‌వైజర్ని పిలిచాను. జరిగిందంతా ఆయనకి తెలుగులో చెప్పాను. ఇంగ్లీషులో టైపు చేసి సంతకానికి తెచ్చారు. 'వెన్ ఐ టుక్ చార్జ్, ద వాల్వ్ వాజ్ ఓపెన్డ్' అని ఉంది. చదివినవాళ్లకి నేను డ్యూటీ ఎక్కాకే వాల్వ్ తెరిచినట్టుంటుంది. సంతకం పెడితే తప్పు నాది. ఉద్యోగమూ సర్టిఫికెట్టూ రెండూ పోతాయి.

"ఇక్కడ 'వాజ్' కాదు, 'హాడ్ బీన్' రావాలండీ" అన్నాను.

"ఒక్క మాటకి గొడవేటమ్మా? సంతకం ఎట్టెయ్, అవతల మీటింగుంది."

"నేను వచ్చేసరికే తెరిచేసి ఉందండీ. ముందు జరిగింది ముందే అని ఉండాలి. లేకపోతే పెట్టను."

ఆయన విసుక్కుంటూనే మార్చారు. ఆ మాట ఉండబట్టి, ముందు షిఫ్టులో ఏం జరిగిందని పైవాళ్లు అడిగారు. ట్యాంకు మట్టం నమోదయ్యే గ్రాఫు తీసి చూస్తే ఐదు దాటినప్పటి నుంచే గీత కిందికి దిగుతోంది. నేను బయటపడ్డాను.

ఆ కాగితం నకలు పట్టుకుని సారింటికి పరిగెత్తాను. మెచ్చుకుంటారనుకున్నాను. కళ్లజోడు సర్దుకుని, ఎప్పటిలాగే ఒక్కో మాట కింద వేలు జరుపుతూ రెండుసార్లు చదివారు. "'హాడ్' బాగుంది. కింద ఈ 'ఇన్ఫర్మేషన్స్' ఏటి? ఆ 'ఎస్' ఎందుకెట్టేవు?" అన్నారు. అది నేను రాసింది కాదు, సూపర్‌వైజర్ రాసింది. ఆ మాట చెప్పబోతే ఏడుపొచ్చేసింది. ఆయన కంగారుపడి, మొదటిసారి, లేచి ఫ్యాన్ వేశారు.

పరీక్ష గట్టెక్కింది. సీటొచ్చింది. రెండేళ్ల తర్వాత సెలవులకి వచ్చి చూద్దును కదా, వరండాలో కొత్త పిల్లలు నింపుతున్న కాగితంలో నా వాల్వ్! 'వెన్ ఎ వర్కర్ టుక్ చార్జ్...' అని మొదలై, మధ్యలో ఖాళీ వదిలిన వాక్యం.

"నన్నూ మీ ఖాళీల్లో కలిపేశారా సార్? పైగా 'ఎ వర్కర్' ఏంటి? 'ద వర్కర్' కదా, నేనే కదా!"

"నువ్వని నాకు తెల్సు. సదివేవోళ్లకి తెలీదు కదమ్మా. కొత్తగా వచ్చినోళ్లు ముందు 'ఎ' గానే వత్తారు" అన్నారు.

ఆయన పోయిన మూడో రోజు మళ్లీ వెళ్లాను. వాళ్లావిడ ఓ తెల్లకాగితం తెచ్చి, "పింఛనాఫీసుకి ఇంగ్లీషులో రాయాలంటన్నారమ్మా. నువ్వు రాసెట్టు" అన్నారు. ఆరు వాక్యాలు. గంట పట్టింది. ఎన్నిసార్లు చదివినా ఎక్కడో ఏదో ఉండిపోయిందనిపించి, నా మీద నాకే చిరాకేసింది. చివరికి ఇచ్చాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా సంతకం పెట్టేముందు కాగితాన్ని వరండాలో వెలుగులోకి తీసుకెళ్లి, మొదటి అక్షరం కింద వేలు పెట్టి, ఒక్కో మాట దగ్గరా ఆగుతూ చివరి లైనుదాకా జరుపుకుంటూ వెళ్లారు.