మేడమ్ కొలిచిన వేగం

పోయిన మంగళవారం పొద్దున బస్సులో గన్నవరం వెళ్తుంటే పాత క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "మేడమ్ పోయారంట రా. నిన్న సాయంత్రం గుండె ఆగిపోయిందంట. పదకొండింటికి ఇంటి దగ్గర్నుంచి జనాజా బయల్దేరుతుందంట." వెంటనే బస్సు దిగి వెనక్కి తిరిగినా, గుణదలలో వాళ్ళింటికి చేరేసరికి ఆలస్యమైపోయింది, ఖననం చేసి అందరూ తిరిగొచ్చేశారు. వాళ్ళ అన్నయ్య గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇస్తున్నారు. "మీరూ పాలిటెక్నిక్ వాళ్ళేనా అండీ? పొద్దుట్నుంచీ అందరూ మీవాళ్ళే" అన్నారు.

మేడమ్ మాకు మైక్రోకంట్రోలర్ ల్యాబ్ చెప్పారు. మైక్రోకంట్రోలర్ అంటే వాషింగ్ మెషీన్‌లోనో కరెంటు మీటర్‌లోనో కూర్చుని, అప్పగించిన పనే రోజంతా చేసే గోరంత కంప్యూటర్. ఏ చిప్ ఎంత త్వరగా పని ముగిస్తుందో కొలవడం ఆవిడకు పిచ్చి. పిచ్చి అనే అంటాను, ఉంటే ఆవిడా ఒప్పుకునేవారు.

కొలిచే ముందు ప్రతి చిప్ మీదా మెడికల్ ప్లాస్టర్ ముక్క అంటించి పేరు కనబడకుండా చేసేవారు. అన్నిటికీ ఒకే లెక్క ఇచ్చేవారు. లెక్క మొదలవగానే, కరెంటు మార్పుల్ని గీతగా చూపించే ఆసిలోస్కోప్ తెర మీద గీత పైకి లేస్తుంది, అయిపోగానే కిందికి దిగుతుంది. ఆ మధ్య కాలం రాసుకున్నాకే ప్లాస్టర్ పీకనిచ్చేవారు. "పేరు చూశారంటే కొలవకుండానే తీర్పు చెప్పేస్తారు మీరు" అనేవారు. ఎవరైనా మెగాహెర్ట్జ్ లెక్కలతో వాదనకు దిగితే, "ఎంత జోరుగా అడుగులేస్తుందో చెప్పావు నాన్నా. ఒక్కో అడుగు ఎంత దూరం పడుతుందో చెప్పు" అని నోరు మూయించేవారు. నిజమే. పెద్ద సంఖ్యల్ని చిన్న చిప్ ముక్కలు చేసుకుని కూడుతుంది, పెద్ద చిప్ ఒక్కసారే కూడేస్తుంది.

మార్కుల దగ్గర మాత్రం పరమ పిసినారి. సెకన్లా, మైక్రోసెకన్లా అన్నది రాయకపోతే రికార్డు వెనక్కి విసిరేసేవారు. నాది రెండుసార్లు విసిరారు.

చదువయ్యాక నేను రొయ్యల చెరువులకు కంట్రోల్ బాక్సులు తయారుచేసే చిన్న కంపెనీలో చేరాను. నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్ నడుస్తుండగా కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోతే, మా బాక్సు పసిగట్టి మోటారు ఆపాలి, రైతు జనరేటర్ వేసుకునేలా అలారం కొట్టాలి. లేదంటే మోటారు కాలిపోతుంది, గాలందక రొయ్యలు చచ్చిపోతాయి. ఏ చిప్ వాడాలో తేల్చే పని ఓనర్ నాకు అప్పగించారు. ఐదింటిని పరీక్షించి పట్టిక వేశాను. అన్నిటికన్నా చిన్నది మొదటి స్థానంలో నిలిచింది. ఓనర్ మురిసిపోయి, మర్నాడే ఆర్డరు పెట్టేద్దామన్నారు. నేను గొప్ప చెప్పుకుందామని ఆ పట్టికా, చిప్‌లున్న బోర్డులూ, ల్యాప్‌టాప్ పట్టుకుని మేడమ్ ఇంటికి వెళ్ళాను.

ఆవిడ చాలాసేపు చూశారు. "ఈ బుల్లిది ఇంత లెక్క ఇంతసేపట్లో చేసేసిందా?"

"అవునండీ మేడమ్. మూడుసార్లు చూశాను."

"మరి వచ్చిన జవాబు ఎక్కడ వాడావు?"

"జవాబుతో పనేముందండీ? మనకి టైమే కదా కావాల్సింది."

"అదీ సంగతి. ఈ జవాబు ఎవరికీ అక్కర్లేదని కంపైలర్ లెక్కే తీసి పారేసింది. నీ చిప్ అసలు పరుగెత్తలేదు నాన్నా."

కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామును చిప్‌కు అర్థమయ్యేలా మార్చిపెట్టేది. పనికిరాదనుకున్నది అది కొట్టేస్తుంది. మిగతా చిప్‌ల కంపైలర్లు అంత తెలివి చూపలేదు. జవాబును చివర్లో చూపించే ఒక్క లైను కలిపి అక్కడే మళ్ళీ నడిపాను. మొదటిది కాస్తా ఆఖరికి పోయింది. అది చెరువు గట్టున ఉంటే ఫేజు పోయిన సంగతి దానికి సమయానికి తెలియకపోయినా ఆశ్చర్యం లేదు.

"ఓనర్‌కి ఏం చెప్పను మేడమ్? ఉద్యోగం ఉంటుందంటారా?"

"ఉంటుందో ఊడుతుందో నాకు తెలీదు. ఆర్డరు వెళ్ళకముందే చెప్పు. ఇక్కణ్ణుంచే ఫోన్ చెయ్యి" అని వంటింట్లోకి వెళ్ళారు. నేను మాట్లాడడం అయ్యేదాకా బయటికి రాలేదు.

ఓనర్ చెడామడా తిట్టారు గానీ ఉద్యోగం తీయలేదు. కొత్త కొలతల్లో నెగ్గిన చిప్‌నే వేశాం. నిజం చెప్పాలంటే నాకు మేడమ్ మీద కోపం వచ్చింది. రెండు నెలలు అటువైపు వెళ్ళలేదు. సిగ్గుపడుతూ వెళ్ళిన రోజున ఆ ఊసే ఎత్తకుండా "అన్నం తిన్నావా?" అని అడిగారు. ఆవిడకు ఎంత రుణపడ్డానో ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు.

జనాజా మర్నాడు సర్వీసు పని మీద కైకలూరు వైపు ఒక చెరువుకు వెళ్ళాను. గట్టు మీద ఉండగానే ఒక ఫేజు పోయింది. మోటారు మూలగకముందే బాక్సు ఆపేసింది. అలారం విని రైతు పరుగున వచ్చి మోటారు మీద చెయ్యి పెట్టి చూశారు. "కాలలేదండీ, బాగానే ఉంది" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కంగారుపడ్డారు.

"ఏమైందండీ? మీ బాక్సు బాగానే పనిచేసింది కదా!"

"అవునండీ, పనిచేసింది" అన్నాను.

ఆయన వెళ్ళి జనరేటర్ వేశారు. ఏరియేటర్ చక్రాలు ఒక్కొక్కటే వేగం అందుకున్నాయి. కాసేపటికి చెరువంతా తెల్లగా నురగలెత్తింది.