సాదిక్ భాయ్ మెచ్చుకున్న రోజు

నాలుగేళ్ల కిందటి మాట. మెదక్‌లో డిగ్రీ చదువుతూ పూల్ పార్లర్ నడిపే సాదిక్ భాయ్ దగ్గర బిలియర్డ్స్ లాంటి ఆ ఆట నేర్చుకున్నాను. "పైసలు పెట్టి ఆడెటోడు నా టేబుల్ ముట్టొద్దు" అనేవాడాయన. అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం.

ఒక ఆదివారం ఊళ్లో పోటీ పెడితే ఫైనల్‌దాకా వచ్చాను. చివరికి బ్లాక్ బాల్ ఒక్కటే మిగిలింది. అది టేబుల్ అంచున ఉండే పాకెట్‌లో ఎవరు వేస్తే వాళ్లదే కప్పు. కొట్టే వంతు నాది. స్టిక్‌కు చాక్ రాస్తుంటే సాదిక్ భాయ్ పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

"జర గిది వదిలెయ్ బేటా. నేను అవతలోని మీద పైసలు పెట్టిన."

అయినా గెలవాలనే గురిపెట్టాను. బాల్ అంచుకు తగిలి బయటే ఆగిపోయింది. అవతలతను దాన్ని తేలిగ్గా వేసేశాడు.

సాదిక్ భాయ్ నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. "శభాష్ బేటా! నా మాట కాదనలే."

"లేదు భాయ్, నేను గెలుద్దామనే కొట్టిన."

ఆయన నవ్వి భుజం తట్టాడు. నమ్మలేదు.

ఓడినందుకు బాధ ఎప్పుడో పోయింది. నాకు ఆట నేర్పినాయన లెక్కలో మాత్రం నేను ఇప్పటికీ ఆట అమ్ముకున్నవాణ్నే.