నాలుగు చాయ్‌ల మాస్టారు

భీమేశ్వరరావు మాస్టారు ఏ సంగతినీ ఒక్క రకంగా చెప్పి ఊరుకోరు. నాలుగు రకాలుగా చెబుతారు. మొదట నోటితో. తరవాత చేతులతో, కళ్ళతో, కనుబొమలతో. ఆపైన చీటీ మీద రాసి. అప్పటికీ తనివి తీరకపోతే బొమ్మ వేసి. బ్రహ్మదేవుడికి నాలుగు ముఖాలున్నాయి గనక ఆయనకి అదొక వీలు. మాస్టారిది ఒకటే ముఖం. అయినా లోటు తెలియనివ్వరు.

కేంద్ర ప్రభుత్వంలో ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళు రాసి రిటైరయ్యాక, ఢిల్లీ ఆర్.కె. పురంలో కూతురి క్వార్టర్స్‌లో ఉంటూ, రోజూ రెండు మెట్రోలు ఎక్కి ముఖర్జీ నగర్ వస్తారు. అక్కడొక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో, దేశం నలుమూలల నుంచి వచ్చిన ముప్ఫై మందికి హిందీ ఇంగ్లీషూ కలిపి కమ్యూనికేషన్ పాఠం చెబుతారు. మనిషి మనిషితో ఎన్ని రకాలుగా చెప్పుకోవచ్చునన్నదే ఆ పాఠం. పాఠం చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు గానీ, దాన్ని చాయ్ బండి దాకా మోసుకెళ్ళేవారు ఈయనొక్కరే.

సెంటర్ గేటు ఎదురుగా మున్నా భయ్యా బండి. మాస్టారు వెళ్ళి "భయ్యా, చాయ్" అంటారు. మున్నా ఒక గ్లాసు పోస్తాడు. మాస్టారు బొటనవేలు పెదవుల దగ్గర పెట్టి తల వెనక్కి వంచుతారు. రెండో గ్లాసు. జేబులోంచి 'చాయ్' అని రాసిన చీటీ తీస్తారు. మూడోది. చీటీ వెనక్కి తిప్పితే పొగలు కక్కుతున్న గ్లాసు బొమ్మ. నాలుగోది.

"అరే, నాలుగెందుకయ్యా?"

"ఆప్‌నే చార్ బార్ బోలా, మాస్టర్జీ!" నాలుగుసార్లు అడిగారుగా అని మున్నా.

"సార్, మీ బొటనవేలి సైగకి దొరికే సరుకు ఈ బండి మీద ఉండదు" అంటాడు వెనకనుంచి శిష్యుడు భరద్వాజ్. వాడిది వరంగల్, నోరు ఊరుకోదు.

మిగిలిన మూడు గ్లాసులూ పక్కనున్న పిల్లలకి పోతాయి. అందులో ఒకటి రోజూ శరణ్యది.

శరణ్యది కనిగిరి దగ్గర పల్లె. బడీ తెలుగే, డిగ్రీ కూడా తెలుగే. ఆరు నెలల్లో ఇంటర్వ్యూ బ్యాచ్‌లో చేరతానని, చేరలేకపోతే తిరిగి వచ్చేస్తానని నాన్నకి మాటిచ్చి జులైలో ఢిల్లీ వచ్చింది. మొదటిరోజే మాస్టారు, "పాఠమంతా హిందీ ఇంగ్లీషుల్లో జరుగుతుంది. ఇబ్బందేమైనా ఉంటుందా అమ్మాయ్?" అని అడిగారు. నిజం చెబితే వెనక్కి పంపేస్తారేమో అనుకుంది.

"లేదు సార్. మాది ఇంగ్లీషు మీడియమే" అనేసింది.

ఆ తరవాత ఆ పిల్ల ఢిల్లీ మహానగరాన్ని ఒక్క మాటతో నెట్టుకొచ్చింది. అచ్ఛా. ఆటోవాడు ఏమన్నా అచ్ఛా. కూరగాయలమ్మి ఏమన్నా అచ్ఛా. పీజీ హాస్టల్ నడిపే ప్రీతి ఆంటీ ఏదో చెబితే "అచ్ఛా ఆంటీ" అని నవ్వి స్నానానికెళ్ళింది. నెత్తినిండా షాంపూ పెట్టుకున్నాక కుళాయి గుర్రుమని ఆగింది. ఆంటీ చెప్పింది, నీళ్ళు రావని.

రెండో రోజు క్లాసు చివర మాస్టారు "కల్ క్లాస్ నహీ హోగీ" అన్నారు, రేపు క్లాసు లేదని. "అచ్ఛా సార్" అంది. మర్నాడు పది గంటలకే వచ్చి, తాళం వేసిన తలుపు ముందు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి మాస్టారు, మరిచిపోయిన గొడుగు కోసం మెట్లెక్కి వచ్చారు.

"ఏమ్మా, ఇక్కడ కూర్చున్నావు?"

"ప్రశాంతంగా చదువుకోవచ్చని, సార్."

"అచ్ఛా" అన్నారు మాస్టారు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచే శరణ్యకి మాస్టారి చాదస్తం పూర్తిగా తెలిసివచ్చింది. శనివారం సెలవంటే, నోటితో చెప్పి, రెండు చేతులూ అడ్డంగా ఊపి, బోర్డు మీద రాసి, తాళంకప్ప బొమ్మ వేశారు. క్లాసంతా నవ్వింది. శరణ్య కూడా నవ్వింది గానీ, తాళంకప్పని నోట్సులో ఎక్కించుకుంది. అలా బొమ్మ పక్కన మాట, మాట పక్కన సైగ చేరి, రోజుకి పది మాటల చొప్పున హిందీ ఇంగ్లీషులు ఆమెకి తెలియకుండానే వంటబట్టాయి. ఇంత పిచ్చి మాస్టారు దొరకడం తన అదృష్టమని రోజూ ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకునేది.

ఒకరోజు పాఠంలో మాస్టారు, "నోరు ఏమైనా చెబుతుంది. మీరు చెవులు చూడండి. అబద్ధమాడే మనిషి చెవులు ఎర్రబడతాయి" అన్నారు. వారం రోజులు క్లాసులో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు, అంతా చెవులే. శరణ్య మాత్రం ఆ రోజునుంచి జుట్టు చెవుల మీదుగా దువ్వుకోవడం మొదలుపెట్టింది.

దీపావళికి మాస్టారు తెలుగు పిల్లల్ని భోజనానికి పిలిచారు. విస్తరి ముందు కూర్చుని "చారు" అన్నారు. గరిట తిప్పినట్టు చెయ్యి తిప్పారు. జేబులో చీటీ వెతుక్కుంటుంటే ఆయన భార్య రాజేశ్వరమ్మ గారు గరిట ఎత్తి పట్టుకున్నారు.

"నోరుందిగా, అడగండి! మొన్న వేసవిదాకా బాగానే అడిగేవారు. ఇప్పుడేవిటో, చారుకి కూడా బొమ్మ!"

అందరూ నవ్వారు. అప్పటికి అదీ చాదస్తం కిందే పోయింది.

డిసెంబరు వచ్చింది. బ్యాచ్ చివరి రోజున డైరెక్టర్ సుభాషిణి మేడమ్ ఎదుట ఒక్కొక్కరూ ఐదు నిమిషాలు మాట్లాడాలి. మాట్లాడితే ఇంటర్వ్యూ బ్యాచ్. లేకపోతే మళ్ళీ మొదటినుంచి. శరణ్యకి మళ్ళీ లేదు, కనిగిరి బస్సే. ఎవరిదగ్గరో రెండు పేజీల ఇంగ్లీషు ఉపన్యాసం సంపాదించి బట్టీ పట్టింది. అందులో సగం మాటలకి అర్థం ఆ రాసినవాడికైనా తెలుసో లేదో.

ఆ ఉదయం పొగమంచులో చాయ్ బండి దగ్గర వణుకుతూ నిలబడింది. చలికి కొంతా, భయానికి కొంతా. మాస్టారింకా రాలేదు. మున్నా గ్లాసు అందిస్తూ అన్నాడు.

"దీదీ, మాస్టర్జీ కో క్యా హో గయా? పెహలే తో ఏక్ హీ చాయ్ లేతే థే. జులై సే చార్!"

శరణ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది. జులై నుంచా? ముందంతా ఒక్క చాయేనా? తాళం వేసిన తలుపు గుర్తొచ్చింది. గొడుగు గుర్తొచ్చింది. 'మొన్న వేసవిదాకా' అన్న రాజేశ్వరమ్మ గారి గరిట గుర్తొచ్చింది. ఆ మీదట ఇంకో సంగతి తోచింది. మున్నా చెప్పిన ఆ హిందీ అంతా, చీటీ లేకుండా బొమ్మ లేకుండా, తనకి అర్థమైంది.

పేరు పిలిచినప్పుడు ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళింది. వచ్చీరాని హిందీలో, అడ్డం పడ్డచోట ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అచ్ఛా నాలుగు రకాలట. సంతోషం అచ్ఛా, ఆశ్చర్యం అచ్ఛా, ఇంకా చెప్పు అనే అచ్ఛా. మూడూ ముఖంతో చేసి చూపించింది. నాలుగోది, ఒక్క ముక్కా అర్థం కాలేదనే అచ్ఛా.

"వో మేరా హై" అంది, అది నాదని. బోర్డు మీద 'అచ్ఛా' అని రాసి, కింద తాళం వేసిన తలుపూ, ముందు పుస్తకంతో పిల్లా, నెత్తిన షాంపూ నురగా వేసింది. ఆ రెండూ వేరువేరు రోజులని చెప్పబోయింది గానీ ఆ నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు. భరద్వాజ్ బల్ల చరిచాడు.

సుభాషిణి మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ, "ఔర్ దర్వాజా కిస్‌నే ఖోలా?" అని అడిగింది, తలుపు తీసిందెవరని.

శరణ్య నోటితో చెప్పలేదు. చెయ్యి చూపించింది. మాస్టారు డిసెంబరులో తిరగని ఫ్యాన్‌ని శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. మేడమ్ ఇంటర్వ్యూ బ్యాచ్ జాబితాలో శరణ్య పేరు రాసుకుంది.

మెట్ల దగ్గర శరణ్య పట్టుకుంది మాస్టారిని. "ఇదంతా నా కోసమేనా సార్?"

"నీ కోసమా? భలేదానివే! నాది పుట్టుకతో వచ్చిన చాదస్తం, అమ్మాయ్. కావాలంటే మా ఆవిడనడుగు."

"ఆవిడ దీపావళికే చెప్పారు సార్."

"అచ్ఛా" అన్నారు మాస్టారు. అంతే. సైగ లేదు, చీటీ లేదు, బొమ్మ లేదు. మెడలోని మఫ్లరు పైకి లాగి రెండు చెవులూ గట్టిగా కప్పుకున్నారు.

అంతలో కింది ఆఫీసు గది ముందు గుమాస్తా గొంతు వినిపించింది. జనవరి బ్యాచ్‌కి వచ్చిన కొత్త పిల్లకి గడగడా హిందీలో చెబుతున్నాడు. రెండు ఫోటోలు కావాలి, సోమవారం రావాలి, వెనక గేటునుంచి రావాలి. ఆ పిల్ల, పేరు నాగమల్లేశ్వరిట, సంచీ గుండెలకి హత్తుకుని అన్నిటికీ తలూపుతోంది. "అచ్ఛా. అచ్ఛా. అచ్ఛా."

శరణ్యా మాస్టారూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"నాలుగో రకం, సార్" అంది శరణ్య మెల్లిగా.

మాస్టారు జేబులోంచి పెన్సిల్ తీసి కాగితం కోసం తడుముకుంటుంటే, శరణ్య తన రెండు పేజీల ఇంగ్లీషు ఉపన్యాసాన్ని వెనక్కి తిప్పి అందించింది.