దుప్పటి కప్పిన మిషను

ఒక్క దుప్పటితో ఒక కంపెనీని ముంచవచ్చా అని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? ముంచవచ్చు. నేను దాదాపు ముంచేశాను, వినండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఆదిత్యపూర్‌లో అప్పారావుగారి వర్క్‌షాపులో కొత్త ఇంజనీర్ని. విదేశాలకు సరుకు పంపేవాళ్లు పాటించాల్సిన నియమాల మీద ఒకరోజు శిక్షణ ఉంటే, తనకు తీరికలేక నన్ను పంపారు. "కొన్నిటి డ్రాయింగు పరాయి దేశస్థుడికి చూపించినా ఎగుమతి కిందే లెక్క" అన్నారక్కడ. ఆ ఒక్క ముక్కే నా బుర్రకెక్కింది. మిగతా రోజంతా ధ్యాస సమోసాల మీదే.

మర్నాడు రాంచీ వెళ్తూ అప్పారావుగారు, "రేపు ఫారినాయన వత్తాడమ్మా. నాను మజ్జాన్నానికి వచ్చెత్తాను. అందాకా జాగర్తగా సూసుకో" అన్నారు.

జాగ్రత్తట! నాకా చెప్పడం! మా షాపు ప్రాణమంతా బీరువా అంత ఉన్న ఒక విదేశీ మిషనులో ఉంది, ఇనుమును ఐదు దిక్కుల్లో తిప్పి చెక్కే ఫైవ్ యాక్సిస్ మిషను. శనివారం లారీకెక్కాల్సిన ఆర్డరు దానిమీదే తయారవుతోంది. "మహతో భయ్యా, దీన్ని ఆ రేకుల వెనక్కి జరుపు" అన్నాను.

"హిలానా మనా హై, మేడమ్" అని, దాన్ని కదపకూడదన్నారంటూ ఆపరేటర్ మహతో తల గోక్కున్నాడు.

"దేశ్ కా మామ్లా హై!"

దేశం పేరెత్తేసరికి పాపం ఫోర్క్‌లిఫ్ట్ తెచ్చాడు. సిద్ధగోరాలో మా ఇంటినుంచి అమ్మ పువ్వుల దుప్పటి తెచ్చి మిషను మీద కప్పాను.

ఫారినాయన వచ్చి కార్డిచ్చాడు. చదవకుండా సొరుగులో పడేశాను. టీ తాగి ఆయన ఇంగ్లీషులో అడిగాడు: "మీ ఫైవ్ యాక్సిస్ మిషను చూడవచ్చా?"

"అలాంటిది మా దగ్గర లేదండి."

"అమ్మేశారా?"

"కొంటే కదా అమ్మడానికి!"

ఆయన ముఖం పాలిపోయింది. చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకోసాగాడు. ఓడిపోయాడు పాపం అని జాలిపడి ఇంకో రెండు బిస్కెట్లు పెట్టాను.

అంతలో అప్పారావుగారు దిగారు. "ఏటమ్మా, ఆయనకి మిషను సూపించావా?"

నేను గర్వంగా చెవిలో ఊదాను. "దాచేశానండి! పరాయివాళ్లకు చూపకూడదుగా!"

"ఓలమ్మో! ఆ మిషను అమ్మినోళ్లే ఆళ్లు తల్లీ! ఆళ్ల దేశం రూలు. అమ్మిన సోటే ఉందో లేదో సూసుకుందారని వచ్చినాడు!"

సొరుగులోంచి కార్డు తీసి చదివాను. నిజమే. తల్లి పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గర చెప్పుకున్నవాళ్లు బోలెడుమంది. ఆ పుట్టింటినే మేనమామ కంటపడకుండా దాచింది నేనొక్కదాన్నే.

దుప్పటి లాగి స్విచ్ వేస్తే మిషను ఉలకలేదు, పలకలేదు. తెరమీద ఎర్రటి అక్షరాలు: "స్థలం మారింది. తాళం పడింది." ఎవరూ గుట్టుగా వేరే చోటికి తరలించకుండా అలా తయారుచేశారట.

"శనివారం లారీ ఎల్లకపోతే ఆర్డరు పోయినట్టే" అని అప్పారావుగారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన్నలా చూసి నాకు ఏడుపు ఆగలేదు.

ఫారినాయన నన్నూ దుప్పటినీ మార్చి మార్చి చూశాడు. తాళం తీయాలంటే ఎందుకు కదిపారో రాసివ్వాలన్నాడు. ముక్కు తుడుచుకుంటూ ఉన్నదున్నట్టు రాశాను: "తయారుచేసినవారి కంటపడకుండా కాపాడుటకై."

చదివి ఆయన టేబులు పట్టుకుని నవ్వాడు. మహతో మిషనును పాత చోట నిలబెట్టాడు. శుక్రవారానికి తాళం తీశారు, శనివారం లారీ వెళ్లింది. మరుసటి ఏడు ఆయన మళ్లీ తనిఖీకొచ్చినప్పుడు మొదటి ప్రశ్న, "దుప్పటి కులాసాయేనా?"

కాబట్టి ఖర్కాయి నది సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఎవరు కార్డిచ్చినా రెండువైపులా చదువుతాను, దుప్పటిని మంచానికి తప్ప దేనికీ కప్పను, ఆ మంచాన్నైనా అమ్మినవాడి అనుమతి లేనిదే అంగుళం జరపను.