అర్థం, మూలం, ఆపైన వాడుక

నుకగా మాస్టారికి ఒక్కటే జబ్బు. ఒంటితో చేసి చూడనిదే ఏ ఇంగ్లీషు క్రియనీ మమ్మల్ని నోట పలకనిచ్చేవారు కాదు.

షోనాయ్‌లో వరి పొలాల నడుమ మా ఊరి సామాజిక భవనంలో, ఉద్యోగాల నుంచి దిగిపోయిన మాబోటి వాళ్లం మంగళవారాలు ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లం. నెలకొక క్రియ. మొదటి వారం అర్థం, రెండో వారం మూలం, ఆపైన వాడుక. వాడుక అంటే వాక్యాలు రాయడం కాదు.

"క్రియ అంటే ఏమిటండీ? చెయ్యడం. కూర్చుని చేస్తారా?" అని మమ్మల్ని లేపేసేవారు.

'నీడ్' అంటే పిండి పిసకడం. ఆ నెలంతా నూడుల్స్ కొట్టు వంటింట్లో మోచేతుల దాకా పిండిలో ఉన్నాం. 'హాల్' అంటే బరువు ఈడ్వడం. కూతురింటికి మారుతున్న ఒక ముసలాయన బీరువాను వంతెన అవతలిదాకా ఈడ్చాం. 'వేడ్' అంటే నీళ్లలో దిగి నడవడం. ఆ నెల అందరికీ జలుబు చేసింది.

మా క్లాసులో మంగలి సగాయ్‌కి నోరు ఊరుకునేది కాదు. "మాస్టారూ, ఈ వరసన 'డై' ఎప్పుడొస్తుందో ముందే చెప్పండి. ఆ నెల నేను రాను."

"దానికి అర్థం, మూలం మాత్రమే చెప్తాను లెండి" అన్నారు మాస్టారు, నవ్వకుండా. "వాడుక ఎవరింట్లో వాళ్లు చూసుకోవాలి."

ఆ ఏడు కోతలకు ముందు తుఫాను వచ్చింది. భవనం వెనకే తొగాషి గారి చేను. వసంతంలో భర్త పోయాక ఆవిడ ఒక్కతే సాగు చేస్తోంది. నిలబడిన వరిని సహకార సంఘం యంత్రం కోసిపోయింది. బురదకు అంటుకుపోయిన వరిని మాత్రం యంత్రం పట్టలేక వదిలేసింది. మళ్లీ వాన పడితే ఆ వెన్నులు చేలోనే మొలకెత్తుతాయి. ఆ ఏడు ఆమె తిండిలో సగం అక్కడే పడి ఉంది.

సాయానికి వెళ్లినవాళ్లను గుమ్మంలోనే వంగి నమస్కరించి పంపేసింది. మా దగ్గర ఎవరేం చేసినా బదులు కానుక ఇచ్చి తీరాలి. భర్త పోయినప్పుడు వచ్చిన పరామర్శ కానుకలకు బదులివ్వడానికే ఆమెకు ఎండాకాలమంతా పట్టింది.

"ఇంకొకరికి బాకీ పడే ఓపిక లేదమ్మా నాకు. కుళ్లితే కుళ్లనీ" అంది నాతో.

ఆ మంగళవారం మాస్టారు నల్లబల్ల మీద 'గ్లీన్' అని రాశారు. "కోతలయ్యాక చేలో మిగిలిన వెన్నులు ఏరుకోవడం. పరిగె. ఫ్రెంచి వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. వాళ్లకన్నా ముందు ఆ నేల దున్నినవాళ్ల మాట కావచ్చునంటారు. ఈ రోజుల్లో పుస్తకాల్లోంచి నాలుగు సంగతులు ఏరుకున్నా ఇదే అంటారు. అయిపోయింది, లేవండి. కొడవళ్లు తెచ్చుకోండి."

"మూలం రెండో వారం కదా మాస్టారూ?" అన్నాడు సగాయ్.

"రేపు వాన."

చేను గట్టు మీద మాస్టారు తొగాషి గారి ముందు నడుము దాకా వంగారు. "తమరు మాకో ఉపకారం చెయ్యాలి."

"నేనా?"

"ఒక క్రియ దగ్గర ఆగిపోయాం. చేను లేకపోతే అది రాదు. ఆ దేశాల్లో పూర్వం లేనివాళ్లు వచ్చి అడిగితే చేనున్నవాళ్లు ఏరుకోనిచ్చేవారట."

ఆవిడ మా చేతుల్లోకి చూసింది. "ఏరుకోవడానికి కొడవళ్లెందుకు?"

"మావాళ్లు మందమతులు. కొయ్యకుండా ఏరలేరు."

"నేనైతే మరీనూ" అన్నాడు సగాయ్.

ఆవిడ చేలో పడి ఉన్న వరి వైపు తిరిగి చూసింది. తర్వాత అంది, "అయితే బదులు కానుక మీరివ్వాలి మరి."

"తప్పుతుందా? చేను మీదైతేనూ."

పొద్దు వాలేసరికి వరి కట్టలన్నీ నేలకు ఎడంగా వెదురు దండేల మీద వేలాడుతున్నాయి. మాస్టారు తలా ఒక వెన్ను చేతికిచ్చారు. మిగతాది ఏం చెయ్యమంటారని ఆవిడ అడిగితే, "మాకు కావలసింది క్రియ. అది వచ్చేసింది" అన్నారు. మర్నాడు వానలో గొడుగులేసుకుని ఊరగాయలు, పండ్లు పట్టుకెళ్లాం. ఆవిడ వాటిని నిదానంగా, తానిచ్చినదానికి బదులు పుచ్చుకునే మనిషి హుందాతనంతో అందుకుంది. చాలాకాలానికి ఆమె వెన్ను నిటారుగా ఉండగా చూశాను.

తిరిగి వస్తుంటే సగాయ్ దారిలో ఆగిపోయాడు. "పిండి పిసికిన నెల నూడుల్స్ కొట్టాయన మణికట్టు విరగలేదూ?"

"విరిగింది" అన్నాను.

"మరి నీళ్లలో నడిపించింది ఎవరి కోసం?"

"అది ఉత్త పాఠమే అనుకుంటాను."

అర్థం, మూలం ఒక్కళ్లమే కూర్చుని నేర్చుకోవచ్చు. నిఘంటువులు ముందేసుకుని నా బతుకంతా నేను చేసింది అదే. వాడుకకు మాత్రం ఎదురుగా ఇంకో మనిషి ఉండాలని ఆ వానలో తోచింది.

చలికాలం మాస్టారి ఇంటి కప్పు మీద మంచు మనిషెత్తు పేరుకుంది. దూలాలు కిర్రుమంటున్నాయి. ఆయన ఎవరినీ ఎక్కనివ్వలేదు. "వసంతం వస్తే అదే దిగుతుంది" అనేవారు.

ఒక మంగళవారం మేమెవరమూ భవనానికి పోలేదు. అప్పటికి మా క్లాసులో చేరిన తొగాషి గారు మాస్టారి తలుపు తట్టింది. వెనక మేమంతా పారలు పట్టుకుని ఉన్నాం.

"ఈ నెల క్రియ మేమే ఎంచుకున్నాం మాస్టారూ. 'షవల్'. మీ ఇంటి కప్పు ఒక్క పూట ఇప్పిస్తే మాకు ఉపకారం. బదులు కానుక మేమే ఇచ్చుకుంటాం."

ఆయన మా మొహాలు ఒక్కొక్కటే చూశారు. "ముందు అర్థం, మూలం కావద్దూ? వాడుక చివర కదా."

"రేపు మళ్లీ మంచట" అన్నాడు సగాయ్, నిచ్చెన ఆనిస్తూ.

ఆయనా ఊరుకోలేదు. అరుగు మీద నిలబడి, అది 'షవ్', అంటే నెట్టడం అనే మాటకు దగ్గర చుట్టమని, పాతకాలపు ఇంగ్లీషులో ఎలా పలికేవారో గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టారు. కింద నుంచి మూలం వినిపిస్తూనే ఉంది. పైనుంచి వాడుక పారలకు పారలుగా దిగి, మధ్య మధ్య ఆయన నెత్తిన పడుతూనే ఉంది.