రిబ్కమ్మ బిడ్డ కాన్పు

శ్రీరాంపూర్ దగ్గర ఆ బస్తీలో రిబ్కమ్మ చెయ్యి పడని ఇల్లు లేదు. పొద్దున లేస్తే పత్తి ఏరడానికి కూలికి పోతుంది. ఎవరింట్లోనైనా నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే ఒడిలోని పత్తి కుప్ప మీద గుమ్మరించి అలాగే వచ్చేస్తుంది. చదువు లేదు. అత్త దగ్గర నేర్చుకున్న మంత్రసాని పని. పొట్ట మీద అరచెయ్యి ఆనించి, బిడ్డ తల ఎటుందో, నొప్పి ఎప్పుడు రాబోతుందో చెప్పేస్తుంది. ఇప్పుడు అందరూ దవాఖానకే పోతున్నారు. అయినా ముందు రిబ్కమ్మకు పొట్ట చూపించుకుని మరీ పోతారు.

అలాంటి రిబ్కమ్మ ఒక్కగానొక్క కూతురు మహిమ, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. వచ్చిన రోజే చెప్పేసింది.

"అవ్వా, నేను దవాఖానకు పోను. ఇంట్లనే కంట. ఊరందరికి పురుడు పోసినవ్, నాకు పొయ్యవా?"

రిబ్కమ్మకు ఎంత గర్వమో! వారం రోజులు బస్తీ అంతా చెప్పుకుని తిరిగింది. పాత చీరలు ఉడకబెట్టి ఉతికి ఎండేసింది.

తొమ్మిదో నెల నడుస్తుండగా ఒక పొద్దున మహిమ తల పట్టుకుని కూర్చుంది. కళ్ల ముందు మసకగా ఉందన్నది. రిబ్కమ్మ కూతురి కాలు ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో గట్టిగా నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

అలాంటి గుంట ఆమె ఇంతకుముందు ఒకసారి చూసింది, అదే బస్తీలో నిండు చూలాలు సక్కుబాయి కాళ్ల మీద. నీరు పట్టింది, కాన్పైతే అదే దిగిపోతుందని అప్పుడు తనే చెప్పింది. సాయంత్రానికి ఆ పిల్లకు ఫిట్స్ వచ్చాయి. ఆటో మంచిర్యాల చేరకముందే ప్రాణం పోయింది. ఆ ఇంటివాళ్లు రిబ్కమ్మను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది.

"లే బిడ్డా. దవాఖానకు పోదాం."

"పోనంటే పోను. ఆడ ఒక్కదాన్నే పండవెడ్తరట. నొప్పికి ఒర్రితే తిడ్తరట. నువ్వు పక్కన లేకుంటే నా తోని కాదు."

"నా చేతికి ఇది రాదు బిడ్డా," అన్నది రిబ్కమ్మ. "గిట్ల వాపున్న పిల్లను ఒకసారి ఇంట్ల పెట్టుకున్న. అది దక్కలే. మల్ల పెట్టుకోను."

నాకు చేతకాదు అన్న మాట తల్లి నోట మహిమ ఎన్నడూ వినలేదు. గోడ పట్టుకుని లేచింది.

"మరి ఆడికి పోతే నడుముల సూది ఇయ్యమను. నొప్పి తెల్వకుండ ఇస్తరట గదా. నాకు నొప్పులంటే మస్తు భయం అవ్వా. నువ్వుంటవని ధైర్యం చేసిన, గంతే."

గడపలో నిలబడి ఇదంతా విన్నాడు ఏలియా. రిబ్కమ్మకు బావగారు, చర్చిలో సంఘపెద్ద.

"ఏందమ్మా గీ ముచ్చట? ఆడదాన్ని నొప్పులతోనే కనుమని దేవుడే చెప్పిండు. సూదులతోని ఆపుతరా?"

"మొగోన్ని చెమటోడ్చి తినుమని గూడ చెప్పిండు గదా బావా," అన్నది రిబ్కమ్మ చీరలు సంచిలో కుక్కుతూ. "మరి మొన్న ఎండకాలం కూలర్ ఎందుకు కొంటివి?"

ఏలియా భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"యాడ కనాల్నో నేను చెప్పిన, నాకు ఎరుక గనుక. నొప్పి మాత్రం దాని పానానికి. సూది కావాల్నో వద్దో అదే చెప్తది. నువ్వు జర ప్రార్థన చెయ్యి, పో."

మంచిర్యాల దవాఖానలో బీపీ బాగా పెరిగిందని చెప్పి వెంటనే చేర్చుకున్నారు. తోడుగా రిబ్కమ్మనూ లోపల ఉండనిచ్చారు. మందులతో ఆ రోజు గడిచింది. మర్నాడు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. మత్తు డాక్టర్ వచ్చి, సూది ఇస్తే ఏమవుతుందో, కాళ్లు ఎలా మొద్దుబారతాయో, అన్నీ మహిమకే చెప్పి, మహిమనే అడిగాడు. ఆమె ఇయ్యమన్నది.

ముందుకు వంగి కదలకుండా కూర్చోవాలి. నర్సు ఒక పక్క పట్టుకుంటే, ఇంకో పక్క రిబ్కమ్మ ఒక చెయ్యి భుజం చుట్టూ వేసి, రెండోది పొట్ట మీద పెట్టింది.

"ఆగుండ్రి సారూ. నొప్పి వస్తుంది."

మహిమ ఇంకా మూలగను కూడా లేదు. డాక్టర్ చెయ్యి ఆపాడు. రెండు ఊపిర్లు గడిచాక మహిమ పళ్లు బిగపట్టింది. నొప్పి వచ్చి పోయింది.

"ఇగ కానియ్యుండ్రి."

"ఎవరమ్మా ఈమె?" అన్నాడు డాక్టర్.

"మా అవ్వ సార్," అన్నది మహిమ, వంగే ఉండి.

అరగంట తర్వాత రిబ్కమ్మ వార్డు బయటికి పరుగెత్తింది.

"నర్సమ్మా! నా బిడ్డ కాన్పు ఆగిపోయింది! అరుపు లేదు, మూలుగు లేదు, పండుకున్నది!"

నర్సుకు నవ్వాగలేదు. "ఆగలే పెద్దమ్మా. సూది పట్టింది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడు."

రిబ్కమ్మ పెట్టి చూసింది. పొట్ట రాయిలా బిగుసుకుంది, నెమ్మదిగా వదిలింది. మళ్లీ బిగుసుకుంది. మహిమ మాత్రం నోరు తెరిచి నిద్రపోతోంది. ఇన్నేళ్లూ అరుపును బట్టే కాన్పు ఎంతవరకొచ్చిందో చెప్పిన మనిషి, మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

"ఎంతమందిని ఓర్సుకో ఓర్సుకో అన్న నేను," అన్నది నర్సుతో. "గిట్ల గూడ కనొచ్చని తెల్వకపాయె."

బిడ్డను తోసే వేళకు మహిమకు నొప్పి సరిగా తెలియలేదు. ఎప్పుడు బలం పెట్టాలో అర్థం కాలేదు. నొప్పులు చూపించే మిషన్ వైపు నర్సు చూసేలోపే పొట్ట మీద చెయ్యి పెట్టిన రిబ్కమ్మ చెప్పేది. "ఇప్పుడు బిడ్డా... ఆపు... మల్ల ఇప్పుడు." దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు.

మూడో రోజు పక్కింటి యాదవ్వ దవాఖానకు చూడటానికి వచ్చింది. రావడమే ఎత్తిపొడుపుతో వచ్చింది.

"ఏందక్కా, మా అందరికి ఇంట్ల పురుడు పోసి, నీ బిడ్డను మాత్రం గీడికి తెస్తివి? నీ చేతుల మీద నీకే నమ్మకం లేకపాయెనా?"

"ఉన్నది గనుకనే తెచ్చిన. వద్దని గీ చేతులే చెప్పినయ్."

యాదవ్వ కాసేపు పసిపిల్లను ఆడించింది. తర్వాత గొంతు తగ్గించింది.

"అక్కా, మా కోడలు భవ్యశ్రీకి ఎనిమిదో నెల పడ్డది. దానికి గూడ గా సూది ఇప్పియ్యాల్నా, వద్దా? నువ్వెట్లంటే గట్ల."

"ముందు దవాఖానకు తీస్కపో, బీపీ చూపియ్యి. సూది సంగతి దాన్నడుగు."

"దానికేం తెలుసక్కా, చిన్న పిల్ల!"

"కనేది అదే గదనే," అన్నది రిబ్కమ్మ. "అడుగు. అడిగి, అది చెప్పేదాక నోరు మూస్కోని కూసో."